అప్పజెప్పిన ఇల్లు

నలభై ఏడు ఇళ్ళవాళ్ళం ఒక ఆడమనిషి గుమ్మం ముందు నిలబడి, సంతకం పెడతావా పెట్టవా అని గద్దించాం. అది జరిగింది తొండుపల్లిలో, ఒక ఆదివారం పొద్దున, ఆమె చర్చికి బయల్దేరే వేళ. ఆ గుంపుకు ముందు నడిచినవాణ్ణి నేనే. మీటింగుల్లో నన్ను పరిచయం చేసేటప్పుడు పోరాటం మొదలుపెట్టిన రాఘవేందర్ అంటారు. కాలేజీ పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. నేను మొదలుపెట్టింది ఏమిటో ముందు వినండి, చప్పట్ల సంగతి తర్వాత చూసుకుందాం.

మాది రెండు బ్లాకుల బిల్డింగు. బిల్డరు పంచిన రంగు కాగితం మీద దానికి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది గానీ మేమెవ్వరం ఆ పేరు పలకలేదు, రెండు బ్లాకులు అనేవాళ్ళం. తొండుపల్లి దాటాక మెయిన్ రోడ్డు దిగి మట్టి రోడ్డు మీద కొంత దూరం పోవాలి. మొత్తం నలభై ఎనిమిది ఫ్లాట్లు. కొన్నవాళ్ళందరం రెక్కల కష్టం మీద బతికేవాళ్ళమే. ఎయిర్‌పోర్టు కార్గోలో నాలాంటి లోడర్లు, విమానాల్లో భోజనాల పళ్ళేలు కడిగే ఆడవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, కాటేదాన్‌లో ప్లాస్టిక్ మిషన్ల ముందు రోజంతా నిలబడేవాళ్ళు. బ్యాంకులు అప్పులిచ్చాయి, బిల్డరు గడువు చెప్పాడు, మేం నమ్మాం.

గడువు దాటి ఏడాదిన్నర అయ్యాక, బిల్డరు దగ్గర మేనేజరు గోవర్ధన్ అందరికీ ఫోన్లు చేశాడు. కోస్తావాడు, మాట తేనెలా ఉంటుంది. మూఢం వస్తోందండీ, మళ్ళీ మూడు నెలలదాకా మంచిరోజు లేదు, ఈలోపే పాలు పొంగించేసుకోండి, మిగిలిన పనులు పదిహేను రోజుల్లో అయిపోతాయి అన్నాడు. అప్పటికి లిఫ్టు ఉండాల్సిన చోట గుంత ఉంది. నల్లాలు లేవు. మురుగు పోయే దారి లేదు. అయినా మూఢం అనే మాట చెవిన పడగానే మా బుర్రలు పనిచేయడం మానేశాయి. ఇల్లు లేకపోయినా పర్వాలేదు, ముహూర్తం పోకూడదు అనుకునే జాతి మాది. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. మీ ఇళ్ళలోనూ అంతే.

ఒకే పొద్దున నలభై ఏడు పొయ్యిలు వెలిగించాం. ట్యాంకరు నీళ్ళు డబ్బాల్లో పట్టి పైకి మోశారు. ఒక్క ఆవును తెచ్చి కింద పార్కింగులో తిప్పారు. మాలో నాలుగు క్రైస్తవుల ఇళ్ళున్నాయి. వాళ్ళలో మూడిళ్ళవాళ్ళు, మూఢంతో తమకు పనిలేకపోయినా, అందరితో పాటే కావాలని పాస్టరును పిలిచి ప్రార్థన చేయించుకున్నారు. టెంటు వేసి అందరికీ భోజనం పెట్టారు. గోవర్ధన్ ప్రతి కుటుంబం చేతిలో ఒక తాళంచెవి పెట్టి ఫోటో తీయించాడు. ఒక స్టీలు డబ్బా బహుమతి ఇచ్చి, ఇచ్చినట్టు ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. కాగితం పైన ఏం అచ్చేశారో ఎవరు చదివారు? ఇంటిని పూర్తి సంతృప్తితో స్వాధీనం చేసుకున్నాను అని ఉందట. మాకు ఏడు నెలల తర్వాత తెలిసింది.

ఆ రోజు రానిది ఎస్తేరమ్మ ఒక్కతే. విమానాల పళ్ళేలు కడిగే షెడ్డులో పనిచేస్తుంది. భర్త ప్రేమదాసు మేస్త్రి, చనిపోయి మూడేళ్ళయింది. కూతురు జెరూషా లా కాలేజీలో చదువుతుంది. ఎస్తేరమ్మ ముందురోజు సాయంత్రం ఒక సీసాతో నీళ్ళు తెచ్చుకుని తన ఫ్లాటు చూసి పోయిందని వాచ్‌మన్ చెప్పాడు. మర్నాడు రాలేదు. నలుగురూ శుభమంటూ ఉంటే ఈమెకు అంత పొగరేమిటని ఆడవాళ్ళు అనుకున్నారు. నేను కూడా అన్నాను. మొగుడు పోయి విరిగిన మనిషి, నలుగురిలో కలవదులే అన్నాను. ఆ మాట ఆమె చెవిన పడిందని తర్వాత తెలిసింది.

పాలు పొంగించిన మర్నాటి నుంచి నేను నా ఫ్లాటులోనే ఉన్నాను. పదిహేను రోజులే కదా అని కిరాయి ఇల్లు అప్పటికే ఖాళీ చేసేశాం. నా భార్య సునీత పాపను తీసుకుని జల్‌పల్లిలో తల్లిగారింటికి పోయింది. నీళ్ళు రాగానే వస్తానంది. పదిహేను రోజులు ఏడు నెలలయ్యాయి. రెండు బ్లాకుల్లో, నలభై ఎనిమిది ఇళ్ళలో, ఉన్న మనిషిని నేనొక్కణ్ణే.

ఒంటరితనం గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. డ్యూటీ దిగి వచ్చి, కింద బోరు దగ్గర బకెట్లు నింపుకుని నాలుగో అంతస్తుకు మోసేవాణ్ణి. వాచ్‌మన్ గేటు దగ్గరే ఉండేవాడు, సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు. మెట్లెక్కుతుంటే నా చెప్పుల చప్పుడే అన్ని అంతస్తుల నుంచీ తిరిగి వచ్చేది. తలుపులు లేని ఫ్లాట్లలోకి పావురాలు చేరాయి. విమానం నెత్తిమీద నుంచి పోతుంటే అందులో నేను ఎక్కించిన పెట్టెలున్నాయని తెలిసేది, అవి ఎక్కడికో అక్కడికి చేరతాయి కదా అనిపించేది. కొన్నాళ్ళకు నాలో నేనే మాట్లాడుకోవడం మొదలైంది. కూర మాడిందిరా రాఘవేందర్ అని పైకే అనేవాణ్ణి. వినేవాళ్ళు ఎవరున్నారు?

సునీత ఫోన్ చేస్తే అంతా బాగుందని చెప్పేవాణ్ణి. నీళ్ళు పొద్దున గంటసేపు వస్తున్నాయి, లిఫ్టు సామాను దిగింది, మురుగు పైపు ఒక్కటే మిగిలింది, ఈ నెలాఖరుకు వచ్చేయండి. అన్నీ అబద్ధాలే. పాలు పొంగించిన రోజు నల్లా ఏది అని ఆమె అడిగింది, వస్తదిలే అని నోరు మూయించింది నేనే. ఇల్లు ఇల్లు అని గోల చేసి కొనిపించిందీ నేనే. ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను? కార్గోలో తోటివాళ్ళు అడిగినా బాగుందనే అన్నాను. అందుకే మా వాళ్ళంతా, రాఘవేందర్ ఉంటున్నాడు కదా, ఉండొచ్చన్నమాట అనుకున్నారు.

అలాంటి సమయంలో గోవర్ధన్ మళ్ళీ ఫోన్లు చేశాడు. నలభై ఏడు సంతకాలు వచ్చాయండీ, ఆవిడది ఒక్కటే మిగిలింది, అది కూడా వస్తే ప్రాజెక్టు పూర్తయినట్టు కాగితాలు ముగిసిపోతాయి, ఆ వారమే లిఫ్టు పెట్టించేస్తాం, మంచినీళ్ళ కనెక్షన్ ఇప్పించేస్తాం, మీరే ఆవిడకు నచ్చజెప్పండి అన్నాడు. బిల్డరు మా మీదికి రౌడీలను పంపలేదు చూడండి. మమ్మల్నే ఆమె మీదికి పంపాడు. మేం పోయాం.

ఆమె ఉండేది ఒక్క గది. తెల్లచీర కట్టుకుని, బైబిలు చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సందు నిండా మేమే. సంతకం పెట్టమని తలా ఒక మాట అన్నాం. నీ మూలంగా అందరం చస్తున్నామని ఒకరు, నీకేం ఒంటిదానివి అని ఇంకొకరు. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం కాస్త మారింది. మాలో పెద్దవాడు శంకరయ్య. ఉన్న కాస్త భూమి అమ్మి ఫ్లాటు కొన్నాడు. ఆయన మెత్తగా అడిగాడు.

"నీ ఒక్కదాని సంతకం కోసం గింతమంది పరేషాన్ అయితున్నం బిడ్డా. పెట్టరాదు?"

"నా పెనిమిటి ఇండ్లు కట్టినోడు, బాపూ," అంది ఎస్తేరమ్మ. "స్నానాల గదిల బకెట్ నీళ్ళు కుమ్మరిచ్చి, నీళ్ళు ఎటు పోతున్నయో ఇంటోళ్ళకు చూపెట్టినంకనే తాళం చేతికిచ్చేటోడు. ఇల్లు అప్పజెప్పుడు అంటే గదే. నేను గా ఇంట్ల ఒక్క సీస నీళ్ళు పోసి చూసిన. పండుకునే అర్రలకు వచ్చినయ్. గసొంటి ఇల్లు నాకు అప్పజెప్పిన్రని ఎట్ల రాసియ్యాలె?"

అంతా సర్దుకుంటుందని ఎవరో అన్నారు. మీలో ఎవరైనా ఆ ఇంట్లో ఉండి చూశారా అని ఆమె అడిగింది. అందరూ నన్ను చూపించారు. ఏడు నెలల నుంచీ ఉంటున్నాడు, బాగానే ఉందంటున్నాడు అన్నారు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు తమ్ముడూ. మంచిగున్నదా?"

ఉందని చెప్తే అయిపోయేది. ఏడు నెలలుగా నోటికి అలవాటైన మాటే. కానీ ఆమె నన్ను తమ్ముడూ అంది. నేనేమన్నానో తెలిసి కూడా అంది. ఏడు నెలల్లో ఒక మనిషి నిజం తెలుసుకోవాలని నా సంగతి అడగడం అదే మొదటిసారి. గోడకు చేరబడి చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ళు లేవన్నాను. కరెంటు పనివాళ్ళ కోసం లాగిన తీగ మీద ఒక్క బల్బు వెలుగుతుందన్నాను. కాలకృత్యాలకు ఎయిర్‌పోర్టు డ్యూటీదాకా బిగబట్టుకుంటున్నానని ఆడవాళ్ళ ముందే చెప్పేశాను. వానాకాలంలో పడకగది గోడ ఉబ్బి ఊడిపడిందని, నా పెళ్ళానికి అన్నీ జూటమాటలు చెప్తున్నానని, ఆ ఇంట్లో పిచ్చెక్కుతోందని చెప్పాను. చెప్తూ ఏడ్చాను. సిగ్గుపడటానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత కాటేదాన్‌లో పనిచేసే లక్ష్మణ్, మా చుట్టాలకు ఇల్లు అయిపోయిందని చెప్పి మూడుసార్లు దావత్ వాయిదా వేశాను అన్నాడు. ఇంకొకామె, మా అత్తకు ఫోటోలు చూపించి ఊరుకోబెడుతున్నాను అంది. తమ ఫ్లాటు ఒక్కటే చెడిపోయిందని, తమ తలరాతే అంతని ప్రతివాళ్ళూ అనుకున్నారట. ఆనాడు ఒకే బంతిలో భోంచేసి లేచినవాళ్ళం. ఆ తర్వాత ఒకరిది పొద్దుటి షిఫ్టు, ఒకరిది సాయంత్రం షిఫ్టు, ఎవరి ముఖం ఎవరూ చూసుకోలేదు. ఎవరి ఇంట్లో వాళ్ళం దొంగల్లా దాక్కున్నాం. దొంగ మాత్రం దర్జాగా తిరుగుతున్నాడు.

అప్పుడు జెరూషా బయటకు వచ్చింది. చిన్నపిల్ల, కోపంగా ఉంది. ఇంతసేపు వాళ్ళమ్మను తిట్టిన నోళ్ళను ఒక్కొక్కటిగా చూసి, చట్టం చెప్పింది. ఇల్లు కొనేవాళ్ళ కోసం రెరా చట్టం ఉంది. మనుషులు ఉండటానికి ఈ కట్టడం పనికొస్తుందని మున్సిపాలిటీ వాళ్ళు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అది రాకుండా ఇల్లు అప్పజెప్పడం కుదరదు. అది లేనప్పుడు మీరు పెట్టిన సంతకాలు, దిగిన ఫోటోలు చెల్లవని గట్టిగా వాదించొచ్చు. కొన్నవాళ్ళంతా సంఘం పెట్టుకునే హక్కు కూడా చట్టంలోనే రాసి ఉంది. ఇదంతా తెలుసుకోవడానికి ఏడు నెలల్లో మీలో ఒక్కరైనా మా ఇంటికి వచ్చారా అని అడిగింది.

ఎస్తేరమ్మ చెప్పులు వేసుకుంటూ, అందరూ కలిసి ఫిర్యాదు ఇస్తే తాను ముందుంటానంది. "మళ్ళ దానికి గూడ ముహూర్తం చూస్కొని రాకుండ్రి," అని చర్చికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే జల్‌పల్లి పోయి సునీతకు నిజం చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి మొత్తం విన్నది. ఇల్లు పోయిందా ఉందా అని అడగలేదు. "ఏడు నెలలు నన్ను పరాయిదాన్ని చేసినవ్," అని లోపలికి పోయింది. మళ్ళీ బయటకు రాలేదు. పాప మాత్రం సందు చివరిదాకా నాతో నడిచి వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి సునీత నా ఫోన్ ఎత్తలేదు. కష్టం చెప్పుకుంటే తగ్గుతుందంటారు గానీ, నాకు మాత్రం ఉన్న ఒక్క గొంతు కూడా దూరమైంది.

సంఘం పెట్టడానికి నెల పట్టింది. మూడు షిఫ్టుల మనుషులను ఒక చోట చేర్చడం మాటలు కాదు. షిఫ్టు మారే గేట్ల దగ్గర నిలబడ్డాం. కాటేదాన్‌లో మిషన్ల చప్పుడులో చెవిలో అరిచి చెప్పాం. ఒకడు విని తలూపుతాడు, మర్నాడు కనబడడు. ఒకామె సంతకం పెడుతుంది, సాయంత్రం మొగుడు వచ్చి ఆ సంతకం మీద గీత కొట్టేస్తాడు. చివరికి ఒక ఆదివారం మా బిల్డింగు పార్కింగులోనే మీటింగు పెట్టాం. అక్కడ బయటపడిన భయం ఇల్లు గురించి కాదు, పాసు గురించి. ఎయిర్‌పోర్టు లోపలికి పోవాలంటే మెడలో పాసు ఉండాలి. ఆ పాసు కావాలంటే పోలీసు కేసు ఉండకూడదు. కొట్లాటకు దిగితే కేసు పెడతారు, పాసు పోతుంది, పాసుతో పాటు బువ్వ పోతుంది. ఆ మాట రేఖ అంది. ఎస్తేరమ్మతో పాటు పళ్ళేలు కడిగే పిల్ల. చట్టం మనకుంటే కొట్లాట ఎందుకు, కాగితం పంపి ఊరుకుందామంది.

శంకరయ్య ఆమెకు జవాబు చెప్పాడు. "చట్టం పుస్తకంల ఉంటది బిడ్డా. మనం పోయి నిలబడ్డప్పుడే బయటికొస్తది. మనమే నిలబడకుంటే అదేం జేస్తది పాపం?"

రేఖకు ఆ జవాబు నచ్చలేదు. చాలామందికి నచ్చలేదు. అయినా ఆ సాయంత్రానికి ముప్ఫై తొమ్మిది ఇళ్ళవాళ్ళు సంఘంలో చేరారు, రేఖతో సహా. రెరా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. బిల్డరుకు నోటీసు పోయింది. అతను జవాబులో పాలు పొంగించిన ఫోటోలన్నీ జతచేశాడు. చివర్లో ఇంకో ఫోటో ఉంది. నాలుగో అంతస్తు బాల్కనీలో ఆరేసిన నా చొక్కాలు. కాపురాలు కూడా పెట్టేశారు చూడండి అని కింద రాశాడు. ఆ ఫోటో చూసినప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ఆ జవాబు మాకు అందిన మూడో రోజు గోవర్ధన్ నా ఫ్లాటుకే వచ్చాడు, రొప్పుతూ. మెట్లెక్కడం అతనికి అదే మొదటిసారనుకుంటా. కూర్చోవడానికి కుర్చీ లేదు, బకెట్ బోర్లించి ఇచ్చాను.

"మీరు మంచివారండీ రాఘవేందర్ గారూ," అన్నాడు. "వాళ్ళెవరూ ఇక్కడ ఉండటం లేదు, మాట్లాడే హక్కు మీకే ఉంది. ఇల్లు సౌకర్యంగా ఉందని ఒక్క ముక్క రాసివ్వండి. మా ఇంకో ప్రాజెక్టులో అన్నీ పూర్తయిన ఫ్లాటు ఉంది. ఈ నెలలోనే మీ ఆవిణ్ణి తీసుకొచ్చేసుకోవచ్చు."

అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు ఆశ పుట్టింది. రేపు చెప్తానన్నాను. అతను పోయాక సునీతకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తి ఉంటే, రమ్మని ఉంటే, నేను ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ చెప్పలేను. నన్ను పెద్ద వీరుణ్ణి చేయకండని అందుకే అంటున్నాను.

మర్నాడు డ్యూటీ దిగి ఎస్తేరమ్మ దగ్గరికి పోయి సంగతంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. చాయ్ పోసి ఇచ్చింది. తనకూ ఇదే ఆశ పెట్టారని, మీరు గుంపుగా రావడానికి నెల ముందే పెట్టారని అప్పుడు చెప్పింది. మరి మాకెందుకు చెప్పలేదు అక్కా అన్నాను.

"ఎవరితోని చెప్పాలె?" అంది. "షెడ్డుల మీ ఆడోళ్ళు నాతోని మాట్లాడకపోయేది. గిన్నె పక్కకు జరుపుకొని తినేటోళ్ళు. ప్రేమదాసు ఫోటోతోని చెప్పిన. వద్దు అన్నడనుకొని ఊకున్న. గప్పుడు మీరెవరన్న నాతోని మంచిగ మాట్లాడుంటే మీకే చెప్పేదాన్ని."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆమెను వెలివేసినవాళ్ళ కోసం ఆమె నెలల తరబడి ఒక్కతే ఆ ఆశను పట్టి ఆపింది. నేను ఒక్క రోజుకే జారిపోబోయాను. అక్కడి నుంచే గోవర్ధన్‌కు ఫోన్ చేసి రాసివ్వనని చెప్పాను. అతను సరేనండీ అని పెట్టేశాడు.

రెండు రోజుల తర్వాత డ్యూటీ నుంచి వచ్చేసరికి గేటుకు కొత్త తాళం పడింది. నా సామాన్లు లోపలే ఉన్నాయి. వాచ్‌మన్ నా ముఖం చూడకుండా, పని నడుస్తోంది, ఎవ్వరినీ రానియ్యొద్దన్నారని చెప్పాడు. పని ఎక్కడ నడుస్తోంది? ఇటుక మీద ఇటుక కదిలిన జాడ లేదు. శంకరయ్యకు ఫోన్ చేసి చెప్తే ముసలాయన నవ్వాడు. ఇల్లు అప్పజెప్పిన అని ఆఫీసుల రాసిచ్చిండు గద, అప్పజెప్పిన ఇంట్ల మనం పోయి కూసుంటే ఏమంటడో చూద్దాం, అందర్నీ పిలువు అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మట్టి రోడ్డు నిండిపోయింది. చాపలు, నీళ్ళ క్యాన్లు, టిఫిన్ గిన్నెలు, పిల్లలు. సంఘంలో చేరనివాళ్ళు కూడా కొందరు వచ్చారు. గేటు తీయమంటే వాచ్‌మన్ తీయలేదు. పక్కన ప్రహరీ గోడ సగమే కట్టి వదిలేశారు, దాని మీదుగా ఒకరినొకరం ఎక్కించుకుని లోపలికి దిగాం. ఎవరి ఫ్లాటులో వాళ్ళు చాప పరిచారు. ఇన్ని నెలలు నా చెప్పుల చప్పుడు తప్ప వినని మెట్ల మీద అంతమంది ఎక్కుతూ దిగుతూ ఒకరినొకరు కేకేసుకుంటుంటే నేను నాలుగో అంతస్తులో ఒక మూల నిలబడిపోయాను. పావురాలన్నీ లేచిపోయాయి. సునీతకు కబురు పంపాను గానీ ఆమె కనబడలేదు. అంత సందడిలోనూ నా ఫ్లాటు ఖాళీగానే ఉంది.

పదకొండింటికి పోలీసులు ఒక జీపులో, ఒక వ్యానులో వచ్చారు. వెనక కారులో గోవర్ధన్. వాచ్‌మన్ వాళ్ళకు గేటు తీసి మళ్ళీ తాళం వేశాడు. అందరం కిందికి దిగి పార్కింగులో నిలబడ్డాం. ఎస్సై పడుచువాడు, ఎండకు చిరాకుగా ఉన్నాడు. ఫిర్యాదు వచ్చిందని, ముగ్గురిని తీసుకుపోతున్నామని, మిగతావాళ్ళు ఇళ్ళకు పోవాలని చెప్పాడు. రాఘవేందర్, ఎస్తేరమ్మ, శంకరయ్య. ఫిర్యాదులో ఏముందో వినిపించమని జెరూషా అడిగింది. ఎస్సై విసుగ్గా చదివాడు. నిర్మాణం ఇంకా పూర్తికాని, కొనుగోలుదారులకు ఇంకా అప్పగించని మా సైటులోకి ఈ ముగ్గురూ గుంపును తీసుకుని అక్రమంగా చొరబడ్డారు.

జెరూషా వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. ఎస్తేరమ్మకు అర్థమైంది.

"సారూ, జర ఇంకోసారి సదువుండ్రి," అంది. "అందరికి వినబడాలె."

ఎస్సై మళ్ళీ చదివాడు. ఈసారి చదువుతూ ఉండగానే గోవర్ధన్ ముఖం పాలిపోయింది. సార్, అందులో ఒక మాట పొరపాటుగా పడిందండీ, మార్చి ఇచ్చేస్తాం అని ముందుకు వచ్చాడు. కేసు నంబరు పడిపోయింది, ఇప్పుడు మార్చడానికి లేదని ఎస్సై అన్నాడు. రెరా ఆఫీసులో ఇల్లు అప్పజెప్పానని రాసిచ్చినవాడు, పోలీసుల దగ్గర అప్పజెప్పలేదని రాసిచ్చాడు. మమ్మల్ని భయపెట్టాలన్న తొందరలో తన నోటితోనే నిజం చెప్పాడు. గుంపులో గుసగుస మొదలైంది. మెల్లగా అందరికీ ఎక్కింది.

ఎస్తేరమ్మ వ్యాను ఎక్కలేదు. దాని ముందు నిలబడి గట్టిగా అడిగింది.

"ముగ్గురి పేర్లే రాసుకుంటే ఎట్ల సారూ? మాకు ముగ్గురికే ఇల్లు అప్పజెప్పలేదా? ఇక్కడ ఉన్నోళ్ళు ఎవ్వరికీ అప్పజెప్పలే. అందరం జొరబడ్డం. అందరి పేర్లు, ఫ్లాటు నంబర్లు రాసుకోండ్రి."

వెంటనే ఎవరూ ముందుకు రాలేదు. ఎందుకో మీకు తెలుసు. మెడలో పాసులున్న మనుషులు వాళ్ళు. ఆ కాగితం మీద పేరు ఎక్కితే ఇల్లు అప్పజెప్పలేదనడానికి సాక్ష్యం దొరుకుతుంది, రేపు పాసు కూడా పోవచ్చు. నలుగురైదుగురు గోడవైపు జరిగి మెల్లగా దాటిపోయారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఎండలో, ఆ కాసేపు, అంత గుంపులోనూ ప్రతి మనిషీ ఒంటరిగానే నిలబడ్డాడు. ఎవరి లెక్క వాళ్ళే వేసుకోవాలి, ఇంకొకరు వేసిపెట్టేది కాదు.

మొదట కదిలింది రేఖ. కాగితం పంపి ఊరుకుందామన్న రేఖే. మెడలోని పాసును జాకెట్టులోకి తోసుకుంది. "రేఖ. రెండువందల ఆరు. నాకు అప్పజెప్పలే," అంది. ఆమె వెనక లక్ష్మణ్. లక్ష్మణ్ వెనక అతని తల్లి. తర్వాత వరుస కట్టారు. రాయడానికి ఎస్సై ముందు ఒప్పుకోలేదు, అందరి పేర్లూ రాయనిదే ఎవరూ వ్యాను ఎక్కరని, దారి కూడా ఇవ్వరని తేలాక కానిస్టేబులుకు కాగితం, పెన్ను ఇచ్చి జీపు ముందు కూర్చోబెట్టాడు. గోవర్ధన్ కారులో కూర్చుని ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

నా వంతు వచ్చింది. పేరు చెప్పి, నాలుగువందల మూడు అన్నాను. ఈ ఇంట్లో ఎనిమిది నెలలకు పైగా ఉన్నాను, నాకు కూడా అప్పజెప్పలేదని రాసుకోండి అన్నాను. ఆ ఇంట్లో ఉన్నావు కదా, మరి అప్పజెప్పకపోవడం ఏమిటని కానిస్టేబులు అయోమయంగా చూశాడు. నేను జవాబు చెప్పేలోగా నా వెనక నుంచి ఎవరో చెప్పారు.

"ఇల్లయితే నేను గూడ ఉండేదాన్ని గద. ఉన్ననా?"

సునీత. పాపను చంకనెత్తుకుని, గోడ దూకడంలో చీర కొంగు చిరిగి, చెమటలు కారుతూ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. నా వైపు చూడలేదు, కానిస్టేబులునే చూస్తోంది.

"సునీత. నాలుగువందల మూడు. రాసుకో."

నీ పేరు ఎందుకమ్మా, పిల్లతో ఉన్నావు, మీ ఆయన పేరు రాసుకున్నాం కదా అన్నాడతను. ఆయనది ఆయనకే, నాది నాకే, నాకు కూడా అప్పజెప్పలేదంది. పాపను నా చేతికిచ్చి, ఆమె పేరు రాసేదాకా జీపు మీద చెయ్యి పెట్టి అక్కడే నిలబడింది. రాశాక నాతో ఒక్క మాటే అంది. ఇంటికి పోయినంక నీ సంగతి చెప్తనంది. ఏ ఇంటికో నేను అడగలేదు.

కానిస్టేబులు కాగితం రెండు వైపులా నిండిపోయింది. ఇంకో కాగితం కోసం జీపులో వెతికాడు, దొరకలేదు. ఎస్సై మెయిన్ రోడ్డుకు మనిషిని పంపాడు. వరుస పార్కింగు దాటి గేటుదాకా ఉంది, గేటు తాళం ఎప్పుడు తీశారో తెలియదు గానీ తెరిచే ఉంది. చెప్పాల్సిన పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. కాగితాలు వచ్చేదాకా అందరం ఎండలో అలాగే కూర్చున్నాం.